మంచుబాట మీద ఉప్పుసారె

గొంతుకనుమ కొసనుంచి జారి, అవతలివైపు మంచుకుప్పలో తలకిందులుగా దిగబడ్డ మన యువరాజుని అలాగే వదిలేసి వచ్చాం. కాళ్ళు రెండూ ఆకాశంలో, తల పాతాళంలో. పాపం చాలాసేపైంది, ఇంక లేపుదాం.

లేపింది ఈరక్క. ఇవతలివైపు బండ్లు తోలడానికి కుదుర్చుకున్న కొండవాలు మనిషి, దుంగల్లాంటి చేతులు. రెండు మడమలూ పట్టుకుని ముల్లంగిదుంపని పీకినట్టు పీకి, నిలబెట్టి, వీపు మీద రెండు చరిచి, నోట్లో మంచునంతా కక్కించింది.

"బతికే ఉన్నావా, సున్నం శెట్టీ?"

"ఉన్నా... ననుకుంటా," అన్నాడు సాగరదత్తుడు. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే మాట ముక్కలైపోతోంది.

సాగరదత్తుడంటే వేలాపురి యువరాజు. ఆ వేలాపురి సంగతి ఒక్కసారి చెప్పుకుంటేగాని ఈ మంచులో ఆయన పడే అవస్థ తెలీదు. పన్నెండు నెలలూ ఎండ కాసే సముద్రపొడ్డు అది. మళ్ళలోకి ఉప్పునీరు మళ్ళించి ఆరు రోజులు ఊరుకుంటే చాలు, మల్లెపూల రాసుల్లా ఉప్పు తేలుతుంది. ఆ ఊళ్ళో పుట్టినవాడికి కంబళి అంటే గుర్రానికి వేసేదని మాత్రమే తెలుసు. అలాంటివాడు ఇవాళ ఒంటి మీద ఏడు కంబళ్ళు చుట్టుకుని, ఎనిమిదోది కావాలని దిక్కులు చూస్తున్నాడు.

ఇంత దూరం ఎందుకొచ్చాడంటారా? చెల్లెలి కోసం. చెల్లెలు మౌక్తికాదేవిని ఈ మంచుదేశపు చివర, నది సముద్రంలో కలిసేచోట, మీనకోట రాజుకిచ్చారు. ఇప్పుడామెకి ఏడో నెల. ఏడో నెలలో ఆడపిల్లకి పుట్టింటి సారె వెళ్ళాలి, వేలాపురిలో సారె అంటే ఉప్పు, అది అన్న స్వయంగా మోసుకెళ్ళాలి. అయితే ఈ ఏడు అది సారె మాత్రమే కాదు, మీనకోటకి ప్రాణం. శీతకేతుడనే మాంత్రికుడు గొంతుకనుమని పట్టుకుని కూర్చున్నాడు. సముద్రం పక్కనే ఉన్నా, ఎండ చాలక మీనకోటలో ఉప్పు పండదు. చలికాలమంతా వాడు ఒక్క ఉప్పుకల్లు కూడా అటు పోనివ్వలేదు. "కోట నా చేతికివ్వండి, లేకపోతే పస్తులుండండి" అని కబురు పెట్టాడు. వాడి ఎత్తు తెలివైనదే. నదికి నోరు మీనకోట. ఆ నోరు చేతికి చిక్కితే ఎగువనున్న ఊళ్ళన్నీ వాడు చెప్పినట్టు నమలాలి.

మన యువరాజు గవ్వసున్నం అమ్ముకునే గవరయ్యగా వేషం వేసుకుని, తొమ్మిది జారుడుబండ్ల ఉప్పుని సున్నం బస్తాలని బుకాయించి, కనుమ కావలివాళ్ళని బోల్తా కొట్టించాడు. ఆ సంబరంలో గంతేసి తనే బోల్తాపడ్డాడు.

"అయ్యో బాబూ! అయ్యో, గవరయ్యా!" అంటూ పైనుంచి పిరుదుల మీద జారుతూ దిగాడు సూరన్న. రాజుగారి వంటశాలలో నలభై ఏళ్ళు గరిటె తిప్పిన చెయ్యి. యువరాజుకి మొదటి అన్నం ముద్ద పెట్టింది ఆయనే. పొట్ట ఎంతో, బెంగ అంత. "చెప్పానా, కనుమ ఊళ్ళో జనమంతా నిన్నే గుడ్లప్పగించి చూశారు. అన్ని కళ్ళు పడితే మనిషి నిలబడతాడా? దిష్టి తియ్యాల్సిందే."

"నా అందం కనబడితే కదా దిష్టి తగలడానికి! ముక్కు తప్ప అన్నీ కప్పే ఉన్నాయి."

"ఆ ముక్కుకే తగిలింది," అన్నాడు సూరన్న.

నిజమే, ముక్కు పండుమిరపకాయలా ఉంది.

ఈరక్క నవ్వలేదు. ఒక బస్తా కుట్టు దగ్గర వేలు రాసి, నాలిక్కి తగిలించుకుంది. "సున్నమైతే నా నాలిక పొక్కాలి శెట్టీ. పొక్కలేదు." యువరాజు చెయ్యి కత్తి మీదకి పోయింది. ఆవిడ ఆ చేతి మీద ఒక్కటేసింది. "దాచుకో దాన్ని, బిగుసుకుపోయి ఒరలోంచి రాదులే. నా ఇద్దరు కూతుళ్ళూ మీనకోటలోనే ఉన్నారు. ఉప్పని తెలిస్తే పావుగంట ముందే లేపేదాన్ని."

అప్పుడు తలెత్తి చూశాడు సాగరదత్తుడు. చూసి, వణకడం మర్చిపోయాడు.

ఎదురుగా స్ఫటికానది. నది అంటే పారేదనుకుంటాం కదా, ఇది పారదు. కొండల మధ్య పరిచిన వెండిరేకులా పడమటికి మెరుస్తూ పడుకుని ఉంది. ఆమడల పొడుగునా అల లేదు, సవ్వడి లేదు. గడ్డకట్టిన జలపాతాలు కొండచరియలకి గాజుతెరల్లా వేలాడుతున్నాయి. దేవదారు చెట్లు భుజాల మీద మంచుమూటలు మోస్తూ బారులు తీరి నిలబడ్డాయి. ఇక ఆ నది నడిబొడ్డు మీద, వినడానికి వింతగా ఉంటుంది, బండిజాడలు! వచ్చేవీ పోయేవీ, అచ్చం వేలాపురి రాజవీధిలాగే.

"నీళ్ళ మీద బండ్లు నడుస్తాయా?" అన్నాడు.

"మరి వేసవిలో నేల మీద నడవమంటావా? మంచు కరిగితే ఈ మైదానమంతా బురద. నడుములోతు. ఆ బురద నిండా పిచికంత దోమలు. అందుకే మైదానంలో ఒక్క ఇల్లు కనబడదు. మాకు దేవుడు బాట వేసేది చలికాలంలోనే. పెళ్ళిళ్ళూ బేరాలూ సంతలూ అన్నీ ఈ నాలుగు నెలల్లో, ఈ గడ్డ మీదే."

"మా దేశంలో చలేస్తే తలుపులేసుకుంటాం."

"మీ దేశంలో చలేసిందెప్పుడు? తెల్లారగట్ల కాస్త గాలి తోలితే దాన్నే చలంటారు."

యువరాజుకి ఇంకో సందేహం వచ్చింది. కుడిగట్టు పొడుగునా ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని కొండకి అతుక్కున్నాయి. కప్పులు నిటారుగా, చేతులు జోడించినట్టున్నాయి. ఎడమగట్టున మాత్రం ఒక్క పొయ్యిపొగ లేదు. "అటువైపు వాళ్ళేం పాపం చేశారక్కా?"

"అటు సూర్యుడు రాడు నాయనా. ఇక్కడాయన దక్షిణం వైపు నడుం వంచి, ముసలాడిలా కొండవార నడుస్తాడు. ఎడమకొండ నీడ ఎడమగట్టు మీదే ఆరు నెలలు పడుకుంటుంది. కుడిగట్టుకి ఎండ తగులుతుంది గనక బార్లీ పండుతుంది, మనిషి నిలుస్తాడు. ఎండ పడేచోట పొయ్యి, పడనిచోట తోడేలు, అంతే మా దేశం. ఆ ఇళ్ళల్లోనూ కింద గొర్రెలు, పైన మేము. గొర్రెల ఒంటి వేడి పలకల సందుల్లోంచి పైకొస్తుంది. వసంతం దాకా మా కంబళి అదే."

"వాసనో?"

"వాసనకి చచ్చినవాడు లేడు. చలికి చచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు."

అలా కబుర్లాడుతూనే ఈరక్క తొమ్మిది బండ్లకీ కొమ్ముల దుప్పులు తొమ్మిదింటిని పూన్చింది. ఒకదాని వెనక ఒకటిగా తాడుతో కట్టి, ముందు బండి తనెక్కింది. నడిమిదాని మీద యువరాజు, చివరిదాని మీద సూరన్న. ఎక్కేముందు ఇద్దరికీ చెరో జత ఎముకపాదుకలిచ్చింది. ఎద్దుకాలి ఎముకని చదునుగా అరగదీసి, తాళ్ళతో పాదానికి కట్టుకునేవి. మంచు మీద వాటితో కొంగల్లా జారిపోతారు అక్కడివాళ్ళు. మన యువరాజూ జారాడు, కాకపోతే వీపు మీద. ఒక్క పూటలో పద్నాలుగుసార్లు పడ్డాడు. పద్నాలుగోసారి ఈరక్క లెక్కపెట్టడం మానేసింది. సూరన్న మానలేదు.

బయలుదేరేటప్పుడు ఆవిడ వేలెత్తి చెప్పింది. "రెండే మాటలు. ఒకటి, ఈ బాటకి ఇంక ఐదు రోజులే ఆయుష్షు. బాట విరిగిన రోజే వెండిచేప నదిలోకి ఎదురెక్కుతుంది. ఏడు రోజులు పోటెత్తి పోతుంది. ఆ ఏడు రోజుల్లో పట్టి ఉప్పులో వేసుకున్నదే ఏడాదంతా తిండి. ఉప్పు లేకపోతే మూడోనాటికి కుళ్ళిపోతుంది. అంటే బాట విరగకముందే ఉప్పు చేరాలి. రెండు, దారిలో ఒక్క కల్లు కూడా ఈ గడ్డ మీద ఒలకకూడదు. వినబడిందా?"

"వినబడిందమ్మా," అన్నాడు సూరన్న, చేతులు కట్టుకుని.

వినబడింది నిజమే. అర్థమైందో లేదో ముందుకెళ్తే తెలుస్తుంది.

రెండు రోజులు బండ్లు బాణాల్లా పోయాయి. రెండు నదులు కలిసేచోటల్లా నీళ్ళ మీద సంత! ఎగువ అడవి నదిలోంచి తేనెమైనమూ జంతుచర్మాలూ దిగితే, కొండ నదిలోంచి జున్నుగడ్డలూ ఇనప కడ్డీలూ దిగుతున్నాయి. కలిసినచోట గుడారం, గుడారంలో వేడి గంజి, గంజి చుట్టూ ఊరు. "నది నదిని కలిస్తే మా వాళ్ళకి ఊరు పుడుతుంది," అంది ఈరక్క. యువరాజు ప్రతి సంతలోనూ ఇంకో కంబళి కొన్నాడు. మొత్తం పదకొండు అయ్యేసరికి చేతులు దించడం కుదరక, రెండు పక్కలా చాపుకుని దిష్టిబొమ్మలా కూర్చున్నాడు.

మూడోనాడు మంచుతుఫాను. ముందున్న దుప్పి కొమ్ములు వెనకున్న దుప్పికి కనబడలేదు. ఈరక్క బండ్లన్నీ నది మధ్యలోనే గుండ్రంగా తిప్పి ఆపించి, పగలంతా గుడారంలో కూర్చోబెట్టింది. నాలుగో పొద్దున గాలి తెరిపినిచ్చింది. దుప్పులు లేచాయి, తాళ్ళు బిగిశాయి, ముందున్న నాలుగు బండ్లు కదిలాయి. యువరాజు బండి కదల్లేదు. "హెయ్!" అని అదిలించాడు. బండి ముందుకి పోకుండా కిందకి పోయింది. చెక్కలాంటి గడ్డ పుటుక్కున విరిగి, ఎడమపక్క జారుడుచెక్క మునిగి, యువరాజు మోకాళ్ళదాకా నీళ్ళలోకి దిగాడు. ఆ నీళ్ళ చల్లదనానికి ఆయన వేసిన కేక విని, కుడిగట్టు ఊళ్ళో కుక్కలు మొరిగాయంటే చూసుకోండి.

అందరూ కలిసి బండిని లాగారు. ఈరక్క బోర్లా పడుకుని గడ్డ అంచు చూసింది. అది మామూలు పగులు కాదు. తేనెపట్టులా తొర్రలు తొర్రలు. వేలు ముంచి నాకింది. మెల్లగా లేచింది.

"నా బాటకి ఉప్పెవరు మేపారు?"

దుప్పి ఒకటి చీదింది.

"సూరన్నా!"

"అమ్మ తల్లీ, నేను ఒలకబోయలేదు," అన్నాడు సూరన్న. "ఒట్టు. దిష్టి తీశానంతే."

"దిష్టా?"

"బాబుకి. పొద్దున్నోసారి, మధ్యాహ్నమోసారి, సాయంత్రమోసారి. తుఫాను ఊరికే వస్తుందా? కుంచెడు ఉప్పు తీసుకుని, బాబు బండి చుట్టూ మూడుసార్లు తిప్పి..."

"తిప్పి?"

"పారేనీళ్ళలో వెయ్యాలి. పారేనీళ్ళెక్కడున్నాయి? గడ్డ కింద పారుతున్నాయి కదా. అందుకని పైన పోశాను. వాటంతటవే చేరతాయిలే అని."

"చేరాయి! నువ్వు పోసినవి చేరాయి, నీ బాబు కూడా చేరబోయాడు! ఉప్పు పడితే మంచు కరుగుతుందని మీ దేశంలో తెలీదా?"

"మా దేశంలో మంచెక్కడిదమ్మా?"

ఈరక్క నెత్తి కొట్టుకుంది. యువరాజు మటుకు తడి కాళ్ళతో ఎగురుతూ అడిగాడు. "ఇదివరకు విడిసినచోట్ల కూడా తీశావా సూరన్నా?"

"తియ్యకుండా ఎలా ఉంటాను?"

అంటే వెనక నదిపొడుగునా వాళ్ళు ఆగిన ప్రతిచోటా ఒక గుంట. ఈరక్క గబగబా పగ్గాలందుకుంది. "సున్నం బేరగాళ్ళు ఎక్కడా గుంటలు పెట్టరు. చూసినవాడికి ఇది ఉప్పని తెలిసిపోతుంది. కదలండి, కదలండి!"

సూరన్న కదల్లేదు. గుప్పిట బిగించుకుని నిలబడ్డాడు. "ఇవాళ్టిదీ తిప్పేశానమ్మా, కుంచంలో ఈ గుప్పెడు మిగిలింది. తిప్పిన ఉప్పు మళ్ళీ బస్తాలో వెయ్యకూడదు. కింద వెయ్యద్దంటున్నావు. ఏం చెయ్యను?"

"మింగు!"

"శివ శివా!"

చివరికి యువరాజే ఆ గుప్పెడు ఉప్పుని గుడ్డలో మూటకట్టి మొలలో దోపుకున్నాడు. "పారేనీళ్ళు కనబడగానే నేనే వేస్తాను, సరేనా?" అంటేగాని ముసలాయన బండెక్కలేదు.

మధ్యాహ్నానికి దారిలో ఒక మనిషి కనబడ్డాడు. బక్కపలచటి ముసలాడు, గడ్డం మోకాళ్ళదాకా. చెయ్యెత్తి ఆపాడు. "బండి విరిగింది నాయనా. మీనకోటకి ఉన్ని తీసుకుపోతున్నాను. కాస్త ఎక్కించుకోరూ?" చంకలో ఉబ్బిన మేకతోలు తిత్తి ఒకటి, దాని మూతికి మూడు ముళ్ళు.

మన యువరాజు మంచివాడు, పైగా ఆయనకి పన్నెండో కంబళి కావాలి. "ఎక్కు తాతా!" అన్నాడు. ఎక్కాక అడిగాడు కూడా. "ఉన్ని కొత్తదేనా?"

"నిన్న కత్తిరించింది నాయనా, ఇంకా వెచ్చగానే ఉంటుంది."

ముందు బండి మీద ఈరక్క వీపు బిగుసుకుంది. పగ్గాలు వదలకుండానే మెడ తిప్పింది. "నిన్న కత్తిరించారా? ఏ ఊళ్ళో?"

"ఎగువ..."

"ఎగువనైనా దిగువనైనా, కొత్తగడ్డి మొలిచేదాకా మా దేశంలో గొర్రెకి కత్తెర తగలదు. ఇప్పుడు ఉన్ని తీస్తే గొర్రె చస్తుంది. గొర్రె చస్తే పైన పడుకున్న మనిషి చస్తాడు. ఇది పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. శెట్టీ, వాణ్ణి తోసెయ్!"

తోసేలోపు ముసలాడు నవ్వాడు. గడ్డం ఊడింది, నడుం నిటారైంది, కళ్ళు రెండూ నీలి మంచుపలుకుల్లా మెరిశాయి. "నీ గుంటలు బాగా దారి చూపాయి, ఉప్పురాజా!" అన్నాడు శీతకేతుడు. ఒక్క వేటుకి మూడు ముళ్ళూ తెంపి తిత్తి మూతి తెరిచి, ఎముకపాదుకల మీద గిర్రున జారి దూరమైపోయాడు. పోతూ పోతూ ఈలవేశాడు.

తిత్తిలోంచి గాలి వచ్చింది. వెచ్చటి గాలి! కొండ కనుమల్లోంచి ఏడాదికి ఒక్కసారి దిగే గాలిని వాడు పట్టి బంధించాడు. ఆ దేశంవాళ్ళు దాన్ని మంచుమింగుడుగాలి అంటారు. అది తగిలినచోట దేవదార్లు మూటలు దింపేశాయి, గాజుతెరలు జలజలా కారాయి. మన యువరాజు మొహం మాత్రం చేటంతైంది. వరసగా కంబళ్ళు విప్పి అవతల పారేశాడు. ఒకటి, రెండు, ఆరు, పదకొండు! "అబ్బ! అచ్చం మా ఊరి గాలే! ఈరక్కా, మీ దేశం ఇవాళే కదా బాగుంది!"

ఆవిడ వినమన్నట్టు వేలు చూపింది.

కింద గడ్డ పాడుతోంది. ఎక్కడో లోతునుంచి, తంబుర తీగ మీటినట్టు, సన్నగా. తర్వాత ఉరుము.

"బాట విరుగుతోంది," అంది. "మిగిలిన ఆయుష్షుని గంటకి దించాడు. నాలుగు క్రోసుల దూరం ఉంది. పట్టుకో!"

ఇక ఆ పరుగు ఏమని చెప్పను! దుప్పుల డెక్కలకింద నీళ్ళు చిమ్ముతున్నాయి. వెనకనుంచి టకటకా ఎముకల చప్పుడు. ఈల విని నలభైమంది శీతకేతుడి భటులు, ఎముకపాదుకల మీద, ఈటెలు ముందుకి చాపి కొంగలబారులా వస్తున్నారు. బరువు బండ్లు ఎంతని పరిగెడతాయి? మాటమాటకీ దగ్గరవుతున్నారు.

దూరంగా రెండు రాళ్ళ మధ్య నది సన్నబడింది. "అది ఇరుకురేవు," అరిచింది ఈరక్క. "అక్కడ నీటికి ఒత్తిడెక్కువ, గడ్డ పలచన. ఒక్కో బండీ దాటాలి!" తాడు విప్పి, ఒక్కొక్క దుప్పినీ అదిలించి దాటించింది. ఏడు దాటాయి. ఎనిమిది, తొమ్మిది ఇంకా ఇవతలే ఉన్నాయి. భటులు రెండు బాణాల దూరంలో ఉన్నారు.

సాగరదత్తుడు ఆ రెండు బండ్లనీ చూశాడు. అవతలి ఏడింటినీ చూశాడు. ఏడు చేరితే చెల్లెలి కోటకి ఏడాది గడుస్తుంది, బొటాబొటిగా. తొమ్మిదీ కావాలని కూర్చుంటే ఒక్కటీ చేరదు. కత్తి దూశాడు. వెచ్చగాలి తగిలాక ఒరలోంచి బాగానే వచ్చింది. దుప్పుల తాళ్ళు కోసి, బస్తా పొట్ట చీల్చాడు.

"ఒరే, అది సారె!" అంది ఈరక్క. ఆ పరుగులో సూరన్న నోటివెంట 'యువరాజా' అని ఎన్నిసార్లు జారిందో. ఆవిడకి మనిషెవరో ఎప్పుడో తెలిసిపోయింది.

"సారెలో కొంత దారికీ పెట్టాలి అక్కా. సూరన్నా!"

"బాబూ!"

ఈరక్కకి అర్థమైంది. నాలుగు రోజులుగా బిగపట్టిన గొంతు విప్పి అరిచింది. "పోసెయ్ సూరన్నా! ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా పోసెయ్! నీ జన్మలో ఎంత దిష్టి తియ్యాలో అంతా ఇప్పుడే తీసెయ్!"

ఆ ముసలాయన ఆనందం చూడాల్సిందే. రెండు చేతులతో ఉప్పు ఎత్తి, మంత్రాలు చదువుకుంటూ, ఇరుకురేవు అడ్డంగా ముగ్గుపట్టె వేసినట్టు పోసుకుంటూ పోయాడు. ఇరవైనాలుగు బస్తాలు. ఉప్పు పడ్డచోటల్లా గడ్డ చిటపటా పేలాల్లా పేలింది. అయినా తెగడానికి కాస్త వ్యవధి కావాలి. ఆ కాస్త వ్యవధి ఎవరిస్తారు?

"మీరు దాటండి," అన్నాడు యువరాజు. పాదుకల తాళ్ళు బిగించుకుని, కత్తి ఎత్తి, సింహనాదం చేసి, భటుల మీదికి ఒక్కడే దూకాడు.

దూకి, పడ్డాడు.

లేచాడు. "రండిరా!" అన్నాడు. ఈసారి వెల్లకిలా పడ్డాడు. కత్తి ఒకవైపు జారిపోయింది, దానికోసం చెయ్యి చాపి గిర్రున మూడుచుట్లు తిరిగాడు. ముందున్న భటుడికి నవ్వొచ్చింది. పక్కవాడు "ఆగరా, ఆగరా, మళ్ళీ లేస్తున్నాడు" అన్నాడు. లేచాడు, కాళ్ళు రెండూ రెండు దిక్కులకి పోయాయి. పుట్టిన దగ్గర్నుంచీ మంచు మీద జారేవాళ్ళు వాళ్ళు. మనిషి ఇన్నిరకాలుగా పడగలడని కలలో కూడా అనుకోలేదు. నలభైమందీ ఈటెలు నేలకానించి, పొట్టలు పట్టుకుని, నిలబడి నవ్వారు. పదిహేనోది, పదహారోది, ఇరవైమూడోది. అవతలిగట్టున సూరన్న ఏడుస్తూనే లెక్కపెడుతున్నాడు.

నవ్వనిది శీతకేతుడొక్కడే. "మూర్ఖుల్లారా, వాడి వెనక చూడండి, ఉప్పు!" అని అరుస్తూ, కొరడాతో దారి చేసుకుని యువరాజు మీదికి ఉరికాడు.

ఇరుకురేవు ఫెళ్ళున తెగింది. పిడుగు పడ్డట్టు శబ్దం. ఆ దెబ్బకి నదంతా కదిలింది. గడ్డ పలకలు పలకలుగా చీలి, ఒకదానిమీదొకటి ఎక్కాయి. భటులు నవ్వులు మింగి గట్టుకి పరుగెత్తారు. సగంమంది నడుములోతు నీళ్ళలో దేక్కుంటూ పోయారు, మిగతావాళ్ళు రాళ్ళెక్కి కూర్చున్నారు. అవతల ఈరక్క ఏడు బండ్లనీ కుడిగట్టు మీదికి ఎక్కించేసింది. అక్కణ్ణుంచి మీనకోట నల్లగోడ చేతికందేంత దగ్గర్లో ఉంది.

అదే క్షణాన నది వెండిరంగుకి తిరిగింది. చేప! పలకల సందుల్లోంచి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, లక్షలూ కోట్లూ ఎదురెక్కుతున్నాయి. కోటగోడ మీద కొమ్ముబూరలు మోగాయి. పడవలు దిగాయి. గోడ మీద, కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంది. బస్తాలు జరిగి, వాటి అడుగున దాచిన వేలాపురి శంఖం గుర్తు ఆమె కళ్ళపడింది. "అన్నయ్యేడీ?" అంది మౌక్తికాదేవి. "ఉప్పొచ్చింది, మా అన్నయ్యేడీ?"

ఈరక్క నది మధ్యకి చూపించింది.

అక్కడ, పడగ్గది చాపంత మంచుపలక ఒకటి, ఏటిపోటుకి సముద్రం వైపు కొట్టుకుపోతోంది. దానిమీద ఇద్దరు. ఒక చివర మన యువరాజు, ఇరవైనాలుగోసారి కూర్చున్నచోటే కూర్చుని ఉన్నాడు. రెండో చివర శీతకేతుడు, కొరడా ఎత్తి, కళ్ళు ఎర్రచేసి.

"చెల్లెమ్మా!" అని చెయ్యూపాడు సాగరదత్తుడు. "సారె అందిందా?"

"అందింది! నువ్వెటు పోతున్నావు?"

"తెలీదు! ముందు చేపలకి ఉప్పు పెట్టండి!"

సూరన్న గట్టున గుండెలు బాదుకున్నాడు. "బాబూ! మొలలో! దిష్టి ఉప్పు! పారేనీళ్ళొచ్చాయి, పారేసెయ్!"

శీతకేతుడు ఒక అడుగు ముందుకేశాడు. "నీ ఉప్పు చేరింది, ఉప్పురాజా. నువ్వు మాత్రం చేరవు. సముద్రంలో నా ఓడ ఉంది."

యువరాజు తొందరపడలేదు. మొలలోంచి మూట తీసి, గుప్పిట్లోకి పోసుకుని, వాడికి కనబడేలా ముందుకి చాపాడు. ఆ వెచ్చటిగాలిలో పలక అంచులు అప్పటికే టపటపా రాలుతున్నాయి.

"మాంత్రికుడా, నీకు ఈత వచ్చా?"

మాంత్రికుడి అడుగు గాల్లోనే ఆగింది. కొండమీద పుట్టాడు, చలిలో పెరిగాడు, నీళ్ళని గట్టిగా తప్ప మెత్తగా ఎన్నడూ తొక్కి ఎరగడు.

"నేను సముద్రపొడ్డున పుట్టాను," అన్నాడు యువరాజు. "నడవడం రాకముందే ఈదడం వచ్చింది. అందుకే నడక ఇలా ఏడ్చింది."

శీతకేతుడు కొరడా మెల్లగా దించాడు. ఎదుట సముద్రం హోరు దగ్గరవుతోంది, ఆ హోరులో నల్లతెరచాప ఒకటి లేస్తోంది. వాడు ఆ గుప్పిటనే చూస్తున్నాడు.

"నాయనా," అన్నాడు, గొంతు తేనె చేసుకుని, "ఆ చెయ్యి మాత్రం విప్పకు."